కంప్యూటరుకు నచ్చజెప్పిన విధం

2003లో అరకు కొండల మీది ఒక మండల కార్యాలయానికి కంప్యూటరు దయచేసింది. అధికారి గణపతిరావుగారు దానికి బొట్టు పెట్టి, ఇకపై కాఫీ తోటల పట్టాలన్నీ అదే ఇస్తుందని ప్రకటించారు. "కంప్యూటరు భాష అంటే శుద్ధ గణితం. గణితానికి బంధుప్రీతి ఉండదు" అని సెలవిచ్చారు. గణితమంటే అందరికీ భయమే గనుక చప్పట్లు గట్టిగానే పడ్డాయి.

మొదటి దరఖాస్తు బుధుది. ఇరవై ఏళ్లుగా కొండవాలున ఎకరం కాఫీ పెంచుతున్న గిరిజన రైతు. కంప్యూటరు తిప్పికొట్టింది. పేరు గడిలో వారం పేరు రాయకూడదట. అక్కడ మనుషులకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారని ప్రోగ్రాము రాసిన హేమలతకు ఎవరూ చెప్పలేదు. విశాఖలో చదివిన ఆ అమ్మాయి అడగనూ లేదు.

"బుధోరం పుట్టినానని మాయమ్మ ఎట్టిన పేరు బాబూ. సంతలో అందరికీ తెలుసు" అన్నాడు బుధు.

"సంతకు తెలిస్తే చాలదు. గణితానికి తెలియాలి" అన్నారు గణపతిరావుగారు.

"ఒక్క లైను మారిస్తే సరిపోతుంది సార్" అంది హేమలత, తప్పు తెలిసివచ్చి.

"లెక్క మార్చడం నేరమమ్మా" అన్నారాయన.

మరుసటి వారం అదే ఎకరానికి ఆయన బావమరిది కొండబాబు దరఖాస్తు పెట్టాడు. మైదానం మనిషి. కాఫీని కప్పులో తప్ప చూసి ఎరగడు. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి చెల్లదని కంప్యూటరు అతన్నీ తిప్పికొట్టింది. అప్పుడు గణపతిరావుగారిలోని భాషావేత్త మేల్కొన్నాడు.

"ఎంతైనా అది భాషే కదమ్మా. భాషకు భావం ముఖ్యం. ఆయన పేరులోనే కొండ ఉందని దానికి నచ్చజెప్పు."

హేమలతది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. తలవంచుకుని ఒక లైను రాసింది. పట్టా రంగుల్లో అచ్చయింది.

సంగతి తెలిసి బుధు కొండ దిగి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అది లెక్కయితే నా తోట నాకే రావాల గదా బాబూ. మాటయితే నా మాట ఇనాల గదా. ఏటిది మరి?"

ఈ విషయమై ఉన్నత స్థాయిలో చర్చ జరుగుతోందని, తేలగానే కబురు చేస్తామని గణపతిరావుగారు హామీ ఇచ్చారు. చర్చ నేటికీ ఫలప్రదంగా సాగుతోంది.

కాఫీ పళ్లు కోతకొచ్చాయి. కొండబాబు పెట్టుకున్న కూలీల జాబితా కూడా ఆ కంప్యూటరులోనే తయారైంది. మొదటి పేరు బుధు. ఈసారి ఏ అభ్యంతరమూ రాలేదు. కూలీల గడిలో ఏ వారమైనా చెల్లుతుంది. హేమలత ఆ పేరును కాసేపు చూసి, ప్రింటు నొక్కింది.

ఆ ఏడు పంట దివ్యంగా పండింది. రుచి సంగతి మేం చెప్పనక్కర్లేదు. తమరు రెండో కప్పు కూడా అడిగి పుచ్చుకున్నారు.