నాలుగో భాగం రాకపోతేనే మేలు

పెద్దవాళ్ళ కోసం గీసిన మాంగా ఇంగ్లీషులోకి రాకపోవడమంత మేలు మానవజాతికి మరొకటి జరగలేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే వాదనకు సిద్ధం. మంచినీళ్ళ సీసా కూడా పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మాంగా అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు. మనం వెనక అట్ట అనుకునే వైపు నుంచి పుస్తకం తెరిచి, కుడి నుంచి ఎడమకు చదవాలి. వాళ్ళ భాష మనకు రాదు కాబట్టి ఇంగ్లీషు ప్రచురణకర్త ఎవరైనా హక్కులు కొని అచ్చు వేస్తేనే అది మన చేతికి వస్తుంది. ఈ హక్కులు కొనడాన్నే అభిమానులు లైసెన్సు అంటారు. లారీ నడపడానికి లైసెన్సు తెచ్చుకోవడం ఇంతకంటే సులువు.

పెద్దవాళ్ళ మాంగా అనగానే కొందరు చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గిస్తారు. మీరనుకునేది కాదండీ. అందులో ఉండేవి ఉద్యోగాలూ, విడాకులూ, మంచాన పడ్డ తల్లిదండ్రులూ, బీపీ మాత్రలూ. నలభై దాటిన మనుషులు వంటింట్లో నిలబడి ఒకరితో ఒకరు చెప్పుకోలేకపోయిన మాటలూ. ఇవన్నీ ఇంట్లో ఉచితంగా దొరుకుతుంటే డబ్బిచ్చి ఎవరైనా కొంటారా!

అందుకే ప్రచురణకర్తలు మన మేలు కోరి పదిహేనేళ్ళ కుర్రాళ్ళ కథలే వేస్తున్నారు. కుర్రాడు జుట్టు నిక్కబొడుచుకుని, కత్తి పట్టుకుని, పరీక్షలు మొదలయ్యేలోగా లోకాన్ని రక్షిస్తాడు. ఒక్కో కథ డెబ్భై ఎనభై భాగాలు. వాటిలో పెద్దవాళ్ళు లేరని నేననను. తండ్రి మొదటి భాగంలోనే పోతాడు. తల్లి గుమ్మంలో నిలబడి జాగ్రత్త నాన్నా అంటుంది. మాస్టారు ఒక రహస్య విద్య నేర్పి, నేర్పిన వెంటనే పోతాడు. నలభై దాటినవాడికి ఇంతకంటే మంచి పాత్ర ఎవరిస్తారు?

నా వాదనకు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. ఆ సాక్ష్యం మా అక్క.

అక్క పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వయసు యాభై రెండు. బావ పోయాక మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. పొద్దస్తమానం మనుషుల లోపలి బొమ్మలు చూసి, ఇంటికొచ్చి, మంచం మీద కాళ్ళు చాపుకుని మళ్ళీ బొమ్మలే చూస్తుంది.

"ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటి వదినా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది.

"మీ డాక్టరు నీ మోకాలి బొమ్మ చూడకుండానే మందు రాశాడా?" అంది అక్క. మా ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అక్కకు ప్రాణంతో సమానమైన కథ ఒకటుంది. దాని పేరు చెప్పను. చెబితే మీరూ ఎదురుచూడడం మొదలుపెడతారు, ఆ పాపం నాకొద్దు. అందులో కథానాయిక లిఫ్టులు బాగుచేస్తుంది. భర్త పోయిన మనిషి, మా అక్క ఈడుదే. ఆమె వెళ్ళే ఒక భవనంలో గొడుగులు బాగుచేసుకుంటూ ఒంటరిగా ఉండే ఒకాయన, లిఫ్టు శుభ్రంగా నడుస్తున్నా చెడిపోయిందని ఫోన్ చేస్తుంటాడు. మూడు భాగాల పొడుగునా ఇద్దరూ వాన గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకోరు. మూడో భాగం చివరి పేజీలో ఆమె పనిముట్ల పెట్టె కింద పెట్టి అతని తలుపు ముందు నిలబడుతుంది. హమ్మయ్య, ఇక తలుపు కొడుతుందనుకుని పేజీ తిప్పితే అట్ట వస్తుంది.

జపాన్‌లో ఆ కథ పదకొండు భాగాలుగా వచ్చి హాయిగా ముగిసిపోయింది. ఇంగ్లీషులో మాత్రం మూడింటితో ఆపేశారు. సరిగా అమ్ముడుపోలేదట. ఆరేళ్ళుగా ఆమె ఆ తలుపు ముందే నిలబడి ఉంది. మా అక్క కళ్ళు కాయలు కాస్తున్నాయి.

ఇంటర్నెట్‌లో దొంగ అనువాదం చదువుకోవచ్చు కదా అంటారా? ఆ మాట అక్క దగ్గర అనకండి. అందరూ దొంగచాటుగా చదివేస్తే, ఈ కథను కొని చదివేవాళ్ళు ఉన్నారని ప్రచురణకర్త ఎలా నమ్ముతాడు? చివరికి ఏమైందో ఎవరైనా నోరు జారతారేమోనని ఆవిడ కొందరితో మాటలే మానేసింది.

ఇక ఈ అభిమానుల ఆశల సంగతి చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు ప్రచురణకర్తలు కొత్త పుస్తకాల ప్రకటన చేస్తారు. దానికి నెల ముందు నుంచే అభిమానుల్లో చర్చలు. నాలుగో భాగానికి ఏ రకం కాగితం వాడాలి, అట్ట నున్నగా ఉండాలా గరుకుగా ఉండాలా, అన్నీ కలిపి పెట్టె కట్టి ఇస్తారా లేదా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు! ప్రకటన రోజున మాత్రం కావలసిన పుస్తకం పేరు ఎవరూ పైకి అనకూడదు. అంటే దిష్టి తగిలి రాకుండా పోతుందట. అందుకని ఆ రోజు పొద్దుటి నుంచీ అక్క కనబడ్డ ప్రతివారితోనూ, "నాకేం అక్కర్లేదు, వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే" అంటూ ఇల్లంతా తిరుగుతుంది.

ఇంత వ్యాయామం గుండెకు ఎంత మంచిదో ఆలోచించారా? అడిగిన పుస్తకం వచ్చేస్తే ఇదంతా ఎక్కడుంటుంది?

అంతేకాదు, నాలుగోది రాకపోవడం వల్ల వ్యాపారం కూడా వర్ధిల్లుతుంది. మూడో భాగం బాగా అమ్ముడైతే నాలుగోది వేస్తారని అభిమానుల నమ్మకం. అందుకని మా వీధి చివర పుస్తకాల షాపులో మూడో భాగం కనబడ్డప్పుడల్లా అక్క కొనేసేది. షాపాయన మళ్ళీ తెప్పించేవాడు. ఈవిడ మళ్ళీ కొనేది. ఒక్కోసారి అక్క వెళ్ళేసరికే అది ఉండేది కాదు. "ఇప్పుడే ఎవరో పట్టుకెళ్ళారండీ" అనేవాడాయన.

ఆ రోజుల్లో అక్క మొహం వెలిగిపోయేది. "ఊళ్ళో మనలాంటివాళ్ళు చాలామందే ఉన్నార్రా తమ్ముడూ. తెచ్చినవి తెచ్చినట్టే అయిపోతున్నాయి. ఇక నాలుగోది వేయక ఏం చేస్తారు?" అనేది.

ఒక సాయంత్రం అక్క షాపుకు వెళ్ళి అరలో మిగిలిన ఒక్క కాపీ మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే ఇంకో చెయ్యి కూడా దాని మీద పడింది. ఆ చెయ్యి ఆసుపత్రి ఎదుట మందుల షాపాయనది. యాభై అయిదేళ్ళుంటాయి. పెళ్ళి చేసుకోలేదు.

"మీరు తీసుకోండి మేడమ్. నా దగ్గర ఉంది," అన్నాడాయన.

"నా దగ్గరా ఉంది," అంది అక్క.

"ఎన్నున్నాయి?"

అక్క అటూ ఇటూ చూసి, "మంచం కింద ఇంక చోటు లేదు," అంది.

"నేను గోడౌన్‌లో పెట్టాను. దగ్గు మందు పెట్టెల వెనక."

అప్పుడు తెలిసింది ఇద్దరికీ. ఇన్నేళ్ళూ అక్క ఊరంతా పాఠకులే అనుకున్నది ఈయన కొనడం వల్ల, ఈయన ఊరంతా పాఠకులే అనుకున్నది అక్క కొనడం వల్ల! పుస్తకాల షాపాయన మాత్రం ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్క ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తరవాత కాస్త దిగులుపడింది. ఊరు ఊరంతా అనుకున్నది చివరికి ఒక్క మనిషిగా తేలింది కదా. ఆ ఒక్కడినీ ఆదివారం టీకి రమ్మంది.

అలా ఆయన ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒకటే వాదన. ఆమె తలుపు కొడుతుందని ఆయన, పెట్టె తీసుకుని వెనక్కి వెళ్ళిపోతుందని అక్క.

"అంత బరువైన పెట్టె ఊరికే కింద పెడుతుందా అండీ? కొట్టాలనే పెట్టింది," అనేవాడాయన.

"నడుం నొప్పికి పెట్టింది," అనేది అక్క.

ఏడాది గడిచాక ఒక ఆదివారం ఆయన మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ, తల వంచుకునే అడిగాడు. "ఆదివారాలు ఎలాగూ కలుస్తున్నాం. మిగతా రోజులు కూడా ఒకచోటే ఉంటే ఎలా ఉంటుందంటారు?"

అక్క గుమ్మం పట్టుకుని నిలబడి, "నాలుగోది రానివ్వండి. అప్పుడు చెప్తాను," అంది.

వేరే ఎవరైనా అయితే అవమానపడేవాడు. ఈయనా అభిమానే కదా. "న్యాయమే," అని దిగి వెళ్ళిపోయాడు.

చూశారా పాఠకులారా, ఒక నాలుగో భాగానికి ఎంత శక్తి ఉందో! ఇద్దరు పెద్దమనుషుల పెళ్ళి సముద్రాల అవతల ఒక అమ్మకాల మేనేజరు బల్ల మీద పెండింగులో పడింది. పాపం ఆయనకు ఈ సంగతే తెలియదు. "ఆయన ఫోన్ నంబరు సంపాదించండి, నేను మాట్లాడతాను" అని మా ఆవిడ నన్ను చెవిలో జోరీగలా పోరింది. అక్కది మొండితనం అనుకుంది. కాదు, అక్కకు భయం. ఒకసారి మనిషిని పోగొట్టుకున్నాక ఇంకో తలుపు దాకా వెళ్ళాలంటే ఎవరికైనా భయమే. తన వయసు మనిషి ఒకతె, బొమ్మల్లోనైనా సరే, ఆ పని చేస్తుంటే ముందు చూడాలనుకుంది.

మొన్నటి ప్రకటన రోజు రానే వచ్చింది. మందుల షాపాయన షాపు మూసేసి మరీ వచ్చాడు. అందరం నా కంప్యూటరు ముందు చేరాం. కత్తి కుర్రాడి కథ గట్టి అట్టతో మళ్ళీ వేస్తారట. కత్తి కుర్రాడి చిన్ననాటి కథ వేస్తారట. కత్తి కుర్రాడి పిల్లి కథ కూడా వేస్తారట! చివర్లో చిన్న అక్షరాల్లో, కొన్ని పాత పుస్తకాల హక్కులు వదులుకున్నామన్నారు. వాటిలో అక్క పుస్తకం ఉంది. నాలుగోది రాదు సరికదా, మొదటి మూడూ ఇక వేయరు.

"పోనీలెండి మేడమ్," అని మందుల షాపాయన లేచి వెళ్ళిపోయాడు. అక్క తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు డ్యూటీ దిగగానే అక్క తెల్లకోటు కూడా విప్పకుండా రోడ్డు దాటి మందుల షాపుకు వెళ్ళింది. అక్కడ జనం. ఒకాయన చుక్కల మందు వెనక్కి తీసుకోమని పేచీ పెడుతున్నాడు. అక్క వరస తప్పలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడింది. మందుల షాపాయన తల ఎత్తకుండానే చీటీ కోసం చెయ్యి చాపాడు.

"చీటీ లేదు," అంది అక్క. "నాలుగోది రాదు కదా. ఇక దానికోసం ఆగను. మీరడిగినదానికి సరే."

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్క వెనక నిలబడ్డ ముసలాయన, "మీ ఇద్దరికీ సరే బాబూ, నా షుగరు మాత్రల సంగతి చూడు," అన్నాడు.

పోయిన నెల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి అయింది. సాక్షి సంతకం నాదే.

కాబట్టి ప్రచురణకర్తలకు నా హృదయపూర్వక ధన్యవాదాలు. మీరు నాలుగో భాగం వేసి ఉంటే మా అక్క అయిదోదాని కోసం ఆగేది. పదకొండూ వచ్చేసరికి ఇద్దరికీ పళ్ళూడిపోయేవి. మీరు వేయలేదు కాబట్టి రొట్టె విరిగి నేతిలో పడింది. నా వాదన నెగ్గింది.

నెగ్గాను గాని, ఒక చిన్న ఇబ్బంది ఉంది. అక్క వెళుతూ మంచం కింది పుస్తకాలన్నీ నాకు వదిలేసింది. తప్పులు పట్టాలని మొదలుపెట్టి మూడు భాగాలూ చదివేశాను. నాకూ యాభై దగ్గర పడుతున్నాయి. ఆఫీసులో చెప్పవలసిన మాట ఒకటుంది. ఏళ్ళ తరబడి మాటల్లేని స్నేహితుడికి చెప్పవలసిన మాట ఒకటుంది. మా ఆవిడకు చెప్పవలసింది ఇంకొకటుంది. రోజూ చెబుదామనే లేస్తాను, కాఫీ తాగి, ఎండ మండిపోతోందని చెప్పి ఊరుకుంటాను. నా వయసువాడు ఎవడైనా అలాంటి మాట ఎలా మొదలుపెట్టాడో చూద్దామని పుస్తకాల షాపుకు వెళితే, అరల నిండా పదిహేనేళ్ళ కుర్రాళ్ళు కత్తులు దూసి నిలబడి ఉన్నారు.

మా అక్కకు ధైర్యం ఉంది, పుస్తకం లేకపోయినా వెళ్ళి వరసలో నిలబడింది. నాలాంటి పిరికివాళ్ళకు ఎవరైనా ముందు చేసి చూపించాలి. అయ్యా, పైన రాసిందంతా కొట్టేసుకుని ఆ నాలుగో భాగం వేయండి.