వాల్తేరు ఒడ్డున పేరు చెప్పని ముత్తైదువ

తెలంగాణలోని నేరస్థులందరికీ రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడానికి కారణం ఒక్కటే, అది తాను తొర్రూరులో ఉండటమేనని సోమేశ్వర్ గట్టి నమ్మకం. బస్టాండు ఎదుట కిరాణా దుకాణంలో కందిపప్పు తూస్తున్నా, ఆ తరాజు వెనక ఒక మహామేధావి మెదడు ఆగకుండా పనిచేస్తుంటుందని వచ్చిన గిరాకీకల్లా చెప్పేవాడు. "నా కండ్లల్ల పడ్డంక ఏ రహస్యం బతకది" అనేది ఆయన మాట. దుకాణంలో మిర్చి బస్తా పోయినప్పుడు ఊరంతా గాలించి, పెద్దమనుషులనే అనుమానించి, చివరికి తాను కూర్చున్నది ఆ బస్తా మీదేనని తుమ్ములు ఎంతకీ ఆగకపోవడం వల్ల కనిపెట్టాడు. ఆ విజయాన్ని ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఆ తుమ్ములన్నీ విన్న మనిషి ఆయన భార్య సుగుణ. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె కోరింది ఒక్కటే. వారపత్రికలో బొమ్మ చూసిన రోజు నుంచి, వాల్తేరులో సముద్రం పక్కనున్న పెద్ద హోటల్లో, అలలు కనబడే బల్ల దగ్గర కూర్చొని ఒక్క పూట భోజనం చెయ్యాలని. అదీ మొగుడితో, డిటెక్టివ్‌తో కాదు. ఎనభై రెండు ఎండాకాలంలో దుకాణాన్నీ పిల్లల్నీ తమ్ముడికి అప్పగించి మానుకోటలో రైలెక్కేముందు, అతని చెయ్యి తన నెత్తిమీద పెట్టించుకొని ఒట్టు వేయించుకుంది. ఆ పూట కేసులు లేవు, అనుమానాలు లేవు.

ఒట్టు సూప్ వచ్చేదాకా ఆగింది.

సందెపొద్దు. బల్ల పక్కనే మోకాలెత్తు గోడ, గోడకవతల కింద రెండంగల ఇసుక, ఇసుకకవతల సముద్రం. సుగుణ ఒక చెంచా తాగుతూ ఒకసారి అలల్ని చూస్తూ, ఇంతకంటే ఏం కావాలి అనుకుంటోంది. సోమేశ్వర్ మాత్రం నల్లద్దాల వెనకనుంచి ముఖద్వారం దగ్గరున్న మేనేజరు వైపు చూస్తున్నాడు. అక్కడ పట్టుచీర కట్టుకొని, మెడనిండా బంగారం వేసుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"బల్ల ఎవరి పేరు మీద చెప్పారమ్మా?" అన్నాడు మేనేజరు.

"మా ఆయన పేరు మీద."

"ఆయన పేరేంటండీ?"

ఆమె సన్నగా నవ్వి నేల చూసింది. మేనేజరు మళ్లీ అడిగాడు. "గాయననే వచ్చి చెప్తడు, జర ఆగు బిడ్డా" అని ఆమె సముద్రం వైపు చూసింది. బయట చాలామంది కాచుకొని ఉన్నారని, ఆయన త్వరగా రాకపోతే ఆ బల్ల వేరేవాళ్లకు ఇచ్చెయ్యక తప్పదని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

సోమేశ్వర్ చెంచా గాల్లో ఆగింది.

"సుగుణా, కదలకు. సూప్ తాగుతున్నట్టు నటించు."

"నటించుడేంది, తాగుతనే ఉన్న."

"గామె మొగని పేరు అడిగితే చెప్తలేదు, చూసినవా? మొగని పేరు ఎవలన్న దాస్తరా?"

వేళాకోళమా నిజమా అని సుగుణ అతని మొహంలోకి కాసేపు చూసింది. నిజమే. "ఎవలు దాస్తరో మీకు ఎరుకలేదా?" అంది మెల్లగా.

"ఎరుకే. హంతకులు దాస్తరు."

ఆపైన ఆధారాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. ఒంటిమీద బంగారం, మాటిమాటికీ సముద్రం వైపు చూపు. అంటే ఓడలో సరుకు దిగాలి, భర్తను ఈపాటికే నీళ్లలో ముంచేసి ఉండాలి. ఆమెది అచ్చం మన యాస, మన దిక్కు మనిషే, పోయి పలకరిస్తానని సుగుణ లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"గదే అసలు మారువేషం. ఒంటికే గాదు, నాలుకకు గూడ వేస్తరు."

పులావు వచ్చింది, పొగలు కక్కుతూ. సుగుణ వడ్డించేలోగా సోమేశ్వర్ మేనేజరు దగ్గరికి పోయి తలుపులన్నీ మూయించమన్నాడు. మీరు పోలీసాండీ అని ఆయన అడిగితే, అంతకన్న పెద్ద అన్నాడు. మేనేజరు ఆ నల్లద్దాల్ని జాలిగా చూసి, కళ్లకు ఆపరేషన్ అయిందాండీ అని పరామర్శించాడు. తర్వాత గొంతు తగ్గించి, భోజనాల దగ్గర గొడవయితే మాత్రం దంపతులిద్దరినీ బయటికి పంపించాల్సి వస్తుందన్నాడు. ఆ మాట సుగుణకు వినిపించింది. పన్నెండేళ్ల ఆశ ముందర ఆవిర్లు కక్కుతోంది, ముద్ద నోటికి పోవడం లేదు. ఆమెకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

సోమేశ్వర్‌కు అవేమీ పట్టలేదు. గోడ దగ్గరికొచ్చి కిందికి తొంగిచూశాడు. సరిగ్గా గోడ కిందనే, నీళ్ల అంచున ఎవరో వంగి కూర్చొని సీసాలో ఏదో నింపుతున్నారు. విషమే అనుకొని గోడెక్కాడు.

ఇక లాభంలేదని సుగుణ లేచి ఆ పెద్దావిడ దగ్గరికి పోయింది. ఏ ఊరక్కా మీది అనగానే ఆమె మొహం విప్పారింది. జనగామ అని, తన పేరు రుక్మిణమ్మ అని చెప్పింది. వాళ్లాయనకు అరవై నిండాయని, కొడుకులు ముచ్చటపడి పంపించారని, ఇంటికి సముద్రపు నీళ్లు పట్టుకొస్తానని దిగిన మనిషి ఎంతకీ రాలేదని గబగబా చెప్పుకొచ్చింది.

"గీ పిలగానికి పేరు చెప్తె అయిపోయేది. గని నోరెట్ల వస్తది చెల్లే, నలభై ఏండ్ల సంది రాని నోరు?"

"నాకు సైగ జెయ్యక్కా, నేను చెప్త."

"వేములవాడ దేవుడున్నడు గద..." అని రుక్మిణమ్మ మొదలుపెట్టింది.

చీకట్లో నల్లద్దాలు పెట్టుకొని తడిగోడ మీద నిలబడితే ఏమవుతుందో అదే అయింది. సుగుణ తిరిగి చూసేసరికి గోడమీద సోమేశ్వర్ లేడు, రెండు అరికాళ్లు మాత్రం కనిపించి మాయమయ్యాయి. ఆమె గొంతులోంచి తనకు తెలియకుండానే కేక వచ్చింది.

"సోమేశ్వర్!"

కిందినుంచి "చచ్చినరో" అని ఎవరో అరిచారు. ఆ గొంతు గుర్తుపట్టి రుక్మిణమ్మ గోడ దగ్గరికి ఉరికింది. అలలో ఇద్దరు మగవాళ్లు ఒకరిమీద ఒకరు దొర్లుతున్నారు.

"రాజలింగం!" అని ఆమె పెట్టిన కేకకు సముద్రం చిన్నబోయింది.

హోటలంతా తలలు తిప్పి చూసింది. ఇద్దరు ఆడవాళ్లూ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఒకరినొకరు చూసుకున్నారు.

"రాజలింగం గారాండీ?" అన్నాడు మేనేజరు. "గోడ పక్క బల్లండీ. సాయంత్రం నుంచీ మీకోసమే ఉంచామండీ."

కాసేపటికి రెండు బల్లలు కలిపేశారు. రాజలింగం కూడా కిరాణా వ్యాపారే. సీసాలోకి ఇసుక రాని నీళ్లకోసం పట్టడం, పారబొయ్యడం, మళ్లీ పట్టడం, అదీ ఆలస్యానికి కారణం. సోమేశ్వర్ నల్లద్దాలు సముద్రంలో కలిశాయి. హోటలువాళ్లు ఇచ్చిన తువ్వాలు కప్పుకొని, తప్పిపోయిన మనిషిని తానెంత కచ్చితంగా, సరిగ్గా ఆయన నడుం మీదనే కనుగొన్నాడో వివరించాడు. ఆనక రుక్మిణమ్మ వైపు తిరిగి, అసలు పేరెందుకు దాచినట్టని గంభీరంగా అడిగాడు.

"నాయినా, మీ ఇంటామె నిన్ను పేరుపెట్టి పిలుస్తదా?"

"ఎందుకు పిలువది? పన్నెండేండ్ల సంది..." అని ఆగిపోయాడు. ఇగో, వింటున్నరా, పిల్లల నాయిన. ఎంత వెతికినా ఆ పిలుపులే దొరికాయి. ఏ రహస్యం బతకని కళ్లు, మొదటిసారి అద్దాల్లేకుండా, సుగుణను చూశాయి.

పులావు చల్లారింది. అయినా సుగుణకు అమృతంలాగే ఉంది. ఎదురుగా సముద్రం ఉంది, పక్కన మొగుడున్నాడు, డిటెక్టివ్ ఎక్కడా కనబడలేదు.

"నేను పడ్డప్పుడు ఎవలో నన్ను పిలిచిండ్రు" అన్నాడు అతను, చిన్నగా.

"దర్యాప్తు జేసుకోండ్రి."

"ఇంకొక్కసారి పిలువు."

సుగుణ అలల వైపు చూస్తూ తాపీగా ముద్ద నమిలి మింగింది.

"ఇంకొక్కసారి గోడెక్కుండ్రి" అంది.