సొరంగంలో పగిలిన గుడ్లు

"ఒక్క సంతకం ఎడితే నీ చెయ్యేటి అరిగిపోద్దా?" అని నూకమ్మ పొద్దుటి నుంచి మూడోసారి అడిగింది.

"గుడ్డు కనబడితే ఎడతానత్తా," అని రత్నం కూడా మూడోసారి అదే చెప్పి, తడిచీర దులిపి దండెం మీద వేసింది. కిరండూల్‌లో ఇనుపగని దుమ్ముకి తెల్లబట్ట ఆరేలోపే ఎర్రబడుతుంది. అయినా రత్నం తెల్లచీరలు మానలేదు.

లోడింగు కూలీల పిల్లలకు గని కంపెనీ ఒక బాలవాడీ నడుపుతోంది. మధ్యాహ్నం భోజనం అక్కడి గోడమీద రాసిన మెనూ ప్రకారం ఉందో లేదో చూసి సంతకం పెట్టడం ఈమధ్యే రత్నానికి అప్పగించిన పని. గోడమీద అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు అని ఉంది. పళ్లెంలో గుడ్డు లేదు. పప్పు కూడా నీళ్లలో వెతుక్కోవాలి. సరుకులు వేసే కాంట్రాక్టు నూకమ్మ తమ్ముడు బంగారురాజుది. ఆయన భోజనం మాత్రం అక్కగారి క్వార్టర్లోనే, రోజూ ఆమ్లెట్టుతో.

"గుడ్లు విశాఖ నుంచి రైలుబండిలో రావాలి కదమ్మా," అన్నాడు బంగారురాజు, పీటమీద సర్దుకుంటూ. "దారంతా సొరంగాలు. ఆ కుదుపుకి పగిలిపోతన్నాయి."

"మరి మీ ఆమ్లెట్టు గుడ్డు ఏ దారిన వస్తంది చిన్నాన్నా?"

ఆయన ఆమ్లెట్టు మీద మిరియాలపొడి జల్లుకున్నాడు.

"తనిఖీ సాబు ఇయాలే వస్తన్నాడు. నువ్వు సంతకం ఎట్టకపోతే నా తమ్ముడి కాంట్రాక్టు పోద్ది," అంది నూకమ్మ.

"ఎడితే ఆ పిల్లల గుడ్డు పోద్ది," అని రత్నం చెప్పులేసుకుంది.

కోడలు వీధి మలుపు తిరగగానే నూకమ్మ బేసిను పట్టుకుని బయల్దేరింది. సాబు వచ్చేలోపు ఇంటింటా తలా రెండు గుడ్లు అడిగి బాలవాడీకి చేరవేస్తే తమ్ముడి పరువు నిలుస్తుందని ఆవిడ ఆలోచన. దేనికని పక్కింటావిడ అడిగితే తమ్ముడి మాట చెప్పలేక కొడుకు పేరెత్తి, "మా భూషణానికమ్మా, నీరసంగా ఉన్నాడు," అంది. ఆ కబురు క్వార్టర్ల రెండో వరసకి వెళ్లేసరికి భూషణం కళ్లు తిరిగి పడ్డాడు. మూడో వరసలో పడింది బండి మీద నుంచి. ఆ పైన ఎముక విరిగింది.

రత్నం బాలవాడీలో వంటపాత్రల మూతలు తీసి చూస్తూ ఉంది. ఆయా కమ్లీ పరుగెత్తుకొచ్చి, "ఇక్కడేం చేస్తున్నావు దీదీ? మీ ఆయన బండి కింద పడ్డాడంట," అంది.

గరిటె అక్కడే వదిలేసి రత్నం ఇంటికి పరుగు తీసింది. గుమ్మం ముందు గుడ్లు పట్టుకుని పరామర్శకొచ్చిన జనం. బేసినులో గుడ్లు, బకెట్లో గుడ్లు, బియ్యం చేటలో గుడ్లు. మంచం మీద భూషణం తలదాకా దుప్పటి కప్పుకుని కదలకుండా ఉన్నాడు. రత్నం దుప్పటి లాగింది.

నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్న భూషణం ఒక కన్ను తెరిచి, "టీ ఎట్టేవా?" అన్నాడు.

రత్నానికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకునేలోపే, ఆవిడ కోసం బాలవాడీకి వెళ్లి వెతికిన తనిఖీ సాబు గుమ్మంలో నిలబడ్డాడు. గుడ్లకేసీ ఆవిడకేసీ మార్చి మార్చి చూశాడు.

"అక్కడ ఒక్క గుడ్డు లేదు. చూడాల్సినావిడ ఇంట్లో అన్నీ ఉన్నాయి," అన్నాడు హిందీలో, తీరిగ్గా.

బంగారురాజు చప్పున ఆవిడ పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. "అక్కడ తాళం లేదని ఇక్కడ దాచేననేసి సంతకం ఎట్టీమ్మా. నీ మీద మాట పోద్ది, నాకూ గొడవుండదు."

రత్నం సాబు చేతిలో కాగితం అందుకుంది. 'గుడ్లు రాలేదు. ఇదివరకూ రాలేదు' అని రాసి, అప్పుడు సంతకం పెట్టింది.

"మరి ఇవి?" అన్నాడు సాబు.

"నా కొడుక్కి ఎముక విరిగిపోనాది బాబూ," అంది నూకమ్మ.

కొడుకు మంచం దిగి, రెండు కాళ్ల మీదా నడుచుకుంటూ వచ్చాడు. "నాకేటీ అవలేదమ్మా. నిద్దరొక్కటే విరిగింది."

గుమ్మంలో నవ్వులు లేచాయి. కొందరు తమ గుడ్లు గుర్తుపట్టడానికి వంగారు గానీ, అప్పటికే రత్నం బేసినూ బకెట్టూ కమ్లీకి అందించేసింది. ఆ మధ్యాహ్నం పిల్లల పళ్లేల్లో గోడమీద రాసినవన్నీ కనిపించాయి. సాబు బంగారురాజుకి నెలాఖరుదాకా గడువిచ్చి వెళ్లాడు.

రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. రత్నం పళ్లేల్లో అన్నం పెట్టి, పల్చటి పప్పు పోసింది. బంగారురాజు తన పళ్లెంలోకి ఆమ్లెట్టు కోసం కాసేపు ఎదురుచూశాడు.

"రేపట్నుంచి బాలవాడీలో ఏటి పడితే ఈ ఇంట్లోనూ అదే," అంది రత్నం, గొంతు పెంచకుండా. "అక్కడ గుడ్డుంటే ఇక్కడ గుడ్డు. అక్కడ నీళ్లయితే ఇక్కడా నీళ్లే. అత్తకీ, ఆయనకీ, నాకూ, చిన్నాన్నకీ."

నూకమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు పప్పులో అన్నం వెతుక్కుంటున్నాడు.

ఆ వారం నుంచే విశాఖ బండిలో వచ్చే గుడ్లు సొరంగాల్లో పగలడం మానేశాయి.