రిబ్బన్ కట్టిన ఫ్రిజ్

ఉమ్మడి జిల్లాలో ఇక ఒక్క పశువుకు కూడా వేడికి చెడిన టీకా పడబోదని పశుసంక్షేమ సలహాదారు రాఘవేందర్ గారు పొద్దున్నే మైకులో చాటించారు. అందుకు సాక్ష్యంగా పెబ్బేరు దగ్గరి ఆ ఊళ్లో, షామియానా నీడలో కొత్త ఫ్రిజ్ నిలబడింది. నడుముకు ఎర్ర రిబ్బన్. కరెంటు కూడా ఇచ్చారు. నీడ ఫ్రిజ్‌కే సరిపోవడంతో టీకాల అట్టపెట్టెను ఎండలో పెట్టారు.

రోజాకు ఉన్నది ఒక్కటే పాడి బర్రె. పక్క ఊళ్లో గాలికుంటు సోకి బర్రెలు పాలు ఎగ్గొట్టాయి. ఆమె చంకలోని పిల్ల ఆ పాలు తప్ప ఇంకేదీ మింగదు.

"సారూ, గా మందు లోపట పెట్టరాదుండ్రి? పిల్లలకు చుక్కలేసే సిస్టరమ్మ ఐస్ డబ్బ మూత గూడ తియ్యనియ్యదు."

"లోపట పెట్టాలంటే రిబ్బన్ కత్తిరించాలెనమ్మా," అన్నాడు పశువుల డాక్టరు అరవింద్, పద్ధతి తప్పని మనిషి. "కత్తిరించేటాయన ఇంక వనపర్తిలనే ఉన్నడు."

"మరి మందు తెచ్చిన ఐస్ డబ్బ?"

"దాంట్ల సార్ పూలదండ ఉంది. వాడిపోతే నన్ను ఏ అడవికో ట్రాన్స్‌ఫర్ చేస్తరు."

పొద్దు నడినెత్తి దాటాక రాఘవేందర్ గారు దయచేశారు. చల్లదనమే టీకాకు ప్రాణమని చెమటలు కక్కుతూ బోధించి, రిబ్బన్ కత్తిరించి, తలుపు తెరిచారు. అరల నిండా మంచినీళ్ల సీసాలు.

"రిబ్బన్ కట్టకముందే పెట్టించిన సార్," అన్నాడు అరవింద్. ఆ ముందుచూపును మెచ్చి ఆయన ఒక సీసా ఖాళీ చేశారు.

రోజా ఎండలోని టీకా బుడ్డి తీసి, పిల్ల నుదురు చూసినట్టు చేతి వెనక పక్క ఆనించింది.

"మందుకే జరమొచ్చింది సారూ!"

"సల్లటిదేస్తే బర్రెకు సర్ది చెయ్యదా?" అన్నాడు అరవింద్ గొంతు తగ్గించి.

"ఆ తల్లి బాధ న్యాయమైనదే," అన్నారు రాఘవేందర్ గారు. "ఫ్రిజ్ జర పైలం. అలంపూర్ల మనకోసం చూస్తుండ్రు."

నలుగురు ఫ్రిజ్‌ను సీసాలతో సహా ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. ఒకాయన తెగిన రిబ్బన్ కొసలు ముడేసి, ముడి వెనక్కి తిప్పాడు. ఆటో దుమ్ము లేపుతూ వెళ్లింది. టీకాల పెట్టె ఎండలోనే మిగిలింది.

రోజా బర్రె పలుపు ఇంటి దిక్కు లాగింది.

"సూది వద్దంటే పాయె," అన్నాడు అరవింద్ అడ్డం వచ్చి. "టీకా పడ్డట్టు చెవికి బిళ్లన్న ఏపిచ్చుకపో. సార్ అలంపూర్ చేరేటాల్లకు ఈడ వంద శాతం అయిపోవాలె."

పసుపు బిళ్ల బర్రె చెవికి టక్కున పడింది. బిళ్లకు ఫ్రిజ్ అక్కర్లేదు.