మెరుపుగారి విగ్రహానికి మీసం

ఆ రోజు ఉదయం మెరుపుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే లేచి, స్టేడియం దాకా నడిచి, కూడలిలో గుడ్డ కప్పి ఉంచిన తన విగ్రహాన్ని ఎవరి కంటా పడకుండా ఒక్కసారి తొంగిచూసి, కాఫీ వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. పది గంటలకు మంత్రిగారు ఆవిష్కరించేదాకా ఆగవచ్చు. కాని సొంత విగ్రహం విషయంలో అంత నిగ్రహం ఎవరికుంటుంది?

ఆయన అసలు పేరు పెన్షను కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. కుర్రతనంలో పరుగు పందేల్లో ఆయన కాళ్ళు చూసి దేశమంతా “మెరుపు” అంది. ఇప్పుడు వీధిలో మెరుపుగారు అంటారు గాని, ఎందుకంటారో తెలిసినవాళ్ళు తక్కువ. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆయన కరెంటు పని చేస్తారనుకుని, ఫ్యూజు పోయినప్పుడల్లా తలుపు కొట్టేవారు. మొదట్లో నొచ్చుకున్నారు. తర్వాత ఫ్యూజు వెయ్యడం నేర్చుకున్నారు.

అలాంటి మనిషిని ఇన్నేళ్ళకు మునిసిపాలిటీ గుర్తుపెట్టుకుని కంచు విగ్రహం చేయించింది. అందుకే కూడలి చేరేసరికి ఆయన కాళ్ళు నేలమీద ఆనడం లేదు. అటూ ఇటూ చూసి గుడ్డ అంచు పట్టుకున్నారో లేదో, వెనకనుంచి కాపలావాడి కేక వినిపించింది.

“ఎవరయ్యా అది? గుడ్డ ఎత్తుకుపోదామనా!”

“గుడ్డ నాకెందుకయ్యా? ఇది నా విగ్రహం. ఊరికే చూసుకుందామని వచ్చాను.”

కాపలావాడు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. కర్రతో గుడ్డ పైకెత్తి విగ్రహాన్నీ చూశాడు. మళ్ళీ ఆయన్ని చూశాడు.

“నీదా? మరి మీసమేదీ?”

మెరుపుగారు తలెత్తారు. ఒక కాలు గాలిలో, ఒక కాలు దిమ్మె మీద, ఛాతీ ముందుకు. అంతవరకూ తనే. మెడ మీద మాత్రం ఆయన బావమరిది ఉన్నాడు. ఆ బూరెబుగ్గలు, ఆ చిన్న కళ్ళు, పెదవులు కనబడనియ్యని ఆ గుబురు మీసం, అన్నీ వాడివే.

బావమరిది అంటే ఆయన భార్య తమ్ముడు. వాళ్ళ మేడమీద వాటాలోనే ఉంటాడు. జన్మలో బస్సు కోసం కూడా పరిగెత్తి ఎరగడు, తర్వాతి బస్సు ఉందిగా అంటాడు. కాని బావగారు పందెం గెలిచిన ప్రతిచోటా ఫొటో తీసే వేళకు మాత్రం పక్కన తేలేవాడు. “బావ అలిసిపోయాడు, కప్పు నేను పట్టుకుంటాను” అని గుండెలకు హత్తుకుని నవ్వుతూ నిలబడేవాడు. అలాంటి పాత ఫొటో ఒకటి మునిసిపాలిటీ వాళ్ళ చేతిలో పడింది.

ఇంటికి వచ్చేసరికి భార్య ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. “ఏమండీ, తొంగిచూసొచ్చారా? ముక్కు బాగా వచ్చిందా?”

“దివ్యంగా వచ్చింది. మీ తమ్ముడిది.”

విషయం అర్థమయ్యాక ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. “పోనీలెండి. బయటివాళ్ళది కాదుగా.”

ఈలోగా బావమరిది మెట్లు దిగి వచ్చాడు. కథంతా విని మీసం కింద నవ్వు దాచుకోబోయాడు గాని, అంత మీసమూ చాలలేదు.

“ఒట్టు బావా, నాకేం తెలీదు. నా ప్రమేయం లేదు. అది సరే గాని... కంచులో ఎలా ఉన్నాను? కాస్త హుందాగా ఉన్నానా?”

మెరుపుగారి ఫోను అందుకున్న మునిసిపల్ కమిషనరుగారు జీపులో శిల్పిని వెంటబెట్టుకుని పరుగున వచ్చారు. శిల్పి ఆ ఫొటో తీసి ఎదురు నిష్ఠూరమాడాడు.

“కప్పు పట్టుకున్నాయనే గెలిచాడనుకోనా సార్? పక్కన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న మనిషి మంచినీళ్ళు అందించేవాడనుకున్నాను. పైగా ఈయన పొట్ట ఎంత తగ్గించానో మీరు గమనించలేదు!”

“ఇప్పుడేం చేద్దామండీ?” అన్నారు మెరుపుగారు కమిషనరుతో.

“మంత్రిగారు బయల్దేరిపోయారు. విగ్రహాన్ని ఇప్పుడు మార్చలేం,” అన్నారాయన నుదురు తుడుచుకుంటూ. “మిమ్మల్నయితే మార్చగలం.”

అరగంటలో ఒక నాటక సమాజం నుంచి మీసం వచ్చింది. కమిషనరుగారే స్వయంగా జిగురు రాసి అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూసి తృప్తిపడ్డారు. “సభ అయ్యేదాకా పెట్టుకోండి చాలు. ముక్కు మాత్రం ఎగబీల్చకండి.” బావమరిదిని ఇంట్లోనే ఉంచుదామని ఒక మాట వచ్చింది గాని, ఆ మాట అన్నది మెరుపుగారు. ఆయన మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనక?

“వాడి మొహం ఉన్న విగ్రహానికి వాడే రాకపోతే ఏం బాగుంటుందండీ!” అంది ఆవిడ.

స్టేడియం దగ్గర ఎండ మండిపోతోంది. జనాన్ని తోసుకుంటూ గేటు దాకా వచ్చేసరికి మెరుపుగారికి చెమట ధారలు కట్టింది. మీసం ఒక పక్క ఊడి చెంప మీద వేలాడసాగింది. గేటు దగ్గర ఉన్నది ఆ కాపలావాడే.

“పొద్దున మీసం లేకుండా వచ్చాడు. ఇప్పుడు అతికించుకుని వచ్చాడు. వీడు ఘరానా మోసగాడు సార్!” అని అరిచి చెయ్యి పట్టుకున్నాడు. కమిషనరుగారు మంత్రిగారి కారు తలుపు తీసే పనిలో మునిగి ఉన్నారు. వెనకే అక్క పక్కన నడిచొస్తున్న బావమరిది కార్యకర్తల కంటబడ్డాడు.

“అదుగో మెరుపుగారు!”

“నేను కాదండీ,” అన్నాడు బావమరిది.

“ఆహా, ఎంత వినయం!” అంటూ చప్పట్లు కొట్టారు. రెండోసారి అతను కాదనలేదు. వేదిక మీద మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కగారు ముందు వరసలో కూర్చుంది. మెరుపుగారిని పోలీసులకు అప్పగించే తీరిక లేక, కాపలావాడు చివరి వరసలో తన పక్కనే కూలేశాడు.

గుడ్డ జారింది. చప్పట్లు మోగాయి. విగ్రహాన్నీ, కుర్చీలోని మనిషినీ మార్చి మార్చి చూసి మంత్రిగారు ముగ్ధులయ్యారు. “తిండికి లేని రోజుల్లో పరిగెత్తిన మనిషి ఈయన!” అన్నారు మైకులో. జనమంతా బావమరిది పొట్ట వైపు చూసి, తర్వాత రోజులు బాగా కలిసొచ్చినట్టున్నాయి అనుకున్నారు.

కమిషనరుగారికి అప్పటికి కుర్చీలో ఉన్నదెవరో తెలిసింది. పెదవి కదపలేదు. విగ్రహం పోలిక కుదిరింది, మంత్రిగారు సంతోషంగా ఉన్నారు. ఇంతకంటే సజావుగా ఆయన చేతి మీదుగా ఏ కార్యక్రమమూ జరిగి ఎరగదు.

తర్వాత బావమరిది మైకు అందుకున్నాడు. మొదట రెండు ముక్కలు తడబడినా, ఆ పైన ఆపడం ఎవరి తరమూ కాలేదు. “ప్రతి పందెం ముందూ నా చేతులు వణికేవి. ఎవరూ చూడకుండా గోడకేసి తిరిగి నిలబడేవాణ్ణి. లోపల ఒకటే భయం, ఈసారి కాళ్ళు లేవవేమోనని...” ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

మెరుపుగారు ఇంతసేపూ మొహానికి సంబంధించిన నష్టమే అనుకుంటూ సర్దుకున్నారు. ఈ మాట మాత్రం గుచ్చుకుంది. గోడకేసి తిరిగి వణికింది తను. ఆ సంగతి తను ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకు కూడా. వెనక నిలబడి వేరుశనక్కాయలు నములుతూ వీడు చూశాడన్నమాట.

ఆ ప్రసంగానికి మంత్రిగారు ఉప్పొంగిపోయి, కార్యక్రమంలో లేని ప్రకటన ఒకటి చేశారు. “ఈ మహావీరుడు ఇప్పుడే, మన కళ్ళముందే, బడిపిల్లలతో కలిసి మైదానం చుట్టూ ఒక్క రౌండు పరిగెడతారు!”

బావమరిది కాలు తడుముకున్నాడు. “మోకాలు...” అన్నాడు. ఆ ముక్క చప్పట్లలో కొట్టుకుపోయింది. ఇద్దరు కార్యకర్తలు రెక్కలు పట్టుకుని గీత దగ్గర నిలబెట్టారు. ఈల మోగింది. పిల్లలు పిచ్చుకల్లా ఎగిరిపోయారు. బావమరిది తోలుబూట్లు టకటకలాడిస్తూ బయల్దేరి, మొదటి మలుపు తిరక్కముందే అటూ ఇటూ తూలసాగాడు.

“ఏమండీ!” ముందు వరసలోంచి అక్కగారి గొంతు స్టేడియమంతా వినిపించింది. “తమ్ముడు పడిపోతున్నాడండీ! పట్టుకోండి!”

మెరుపుగారు కాపలావాడి చెయ్యి విదిలించుకుని, తాడు దాటి, మైదానంలోకి దిగారు. నిజానికి పట్టుకుందామనే బయల్దేరారు. కాని మట్టి మీద నాలుగు అంగలు పడగానే కాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి. బావమరిది పక్కనుంచి దూసుకుపోయారు. వాడు చెయ్యి చాచి “బావా!” అన్నాడు. ఆ పిలుపు వినపడలేదు. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఒక్కొక్క పిల్లాణ్ణీ దాటుకుంటూ, చివరి మలుపులో మీసం ఊడి ఎటో ఎగిరిపోగా, ఛాతీ ముందుకు చాచి గీత దాటారు.

చప్పట్లు రాలేదు. తిట్లు వచ్చాయి. “సిగ్గులేదూ! అంతటి పెద్దమనిషి సన్మానం రోజున ఆయన్నే ఓడిస్తావా?” కాపలావాడు కర్ర ఎత్తుకుని ఆ మూలనుంచి పరిగెత్తుకొస్తున్నాడు.

మంత్రిగారు కమిషనరు వైపు వంగారు. “ఎవరితను?”

నిజం చెబితే విగ్రహం ఉండదు. విగ్రహం లేకపోతే తన కుర్చీ ఉండదు. కమిషనరుగారు, “కొత్తగా వెలుగులోకి వచ్చిన క్రీడాకారుడు సార్,” అన్నారు.

“ఈ వయసులోనా?”

“అదే విశేషం సార్.”

మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు. తిడుతున్న జనమూ అదే ఊపులో చప్పట్లలోకి దిగింది. కాపలావాడు కర్ర చంకలో పెట్టుకుని తనూ కొట్టాడు. విలేకరులు మెరుపుగారిని చుట్టుముట్టారు.

“మీ పేరేంటండీ?”

“మెరుపు,” అన్నారాయన రొప్పుతూ.

“ఆయన పేరే పెట్టుకున్నారా! అంత అభిమానమా!”

ఇంతలో భార్య చేతిలో నీళ్ళ సీసాతో వచ్చింది. అందులో సగం అప్పటికే తమ్ముడు తాగేశాడు. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో ఆవిడ ఏ పందేనికీ వెళ్ళలేదు. పిల్లలు, ఇల్లు, వంట సరిపోయేది. పందెం సంగతులన్నీ తమ్ముడు వచ్చి చెబితే వినడమే, వాటిలో బావగారు ఎక్కడో ఒక మూల కనిపించేవారు. ఆవిడ ఆయన మొహం వంక వింతగా చూస్తూ గొంతు తగ్గించి అడిగింది. “ఏమండీ, మీరు నిజంగానే పరిగెత్తేవారా?”

మెరుపుగారు నీళ్ళు తాగబోయి ఆగిపోయారు. ఇంకా రొప్పుతూనే ఉన్నారు. ఆ సందులో ఒక విలేకరి మైకు ముందుకు చాచాడు. “ఈ వయసులో ఇంత వేగం! మీకు శిక్షణ ఇచ్చిన గురువెవరండీ?”

జవాబు మైదానం గడ్డి మీదనుంచి వచ్చింది. బావమరిది మోచేతి మీద లేచి, మీసానికంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు. “ఇటు రండి బాబూ, ఆయన మాట్లాడలేడు. మొదట్లో సరిగ్గా అడుగు వెయ్యడం కూడా వచ్చేది కాదు. రాత్రనక పగలనక నేను పడ్డ కష్టం... ఇవాళ కూడా చూశారుగా, శిష్యుడు గెలవాలని ఎలా తగ్గానో!”

మైకులన్నీ అటు తిరిగాయి.

ఆ ఏడాది ఉత్తమ శిక్షకుడి బిరుదు బావమరిదికి ఇచ్చారు.