కుందేలుకు పట్టీలు

ఆ సోమవారం పొద్దున పద్మలత వేసుకున్న పథకం సాదాసీదాది. ముఖానికి పసుపు, శెనగపిండి పట్టించి, తలకు నూనె రాసి, అవి ఆరేలోగా కుందేలును కాసేపు నడిపించాలి. తర్వాత తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, ఉప్మా చేయాలి. పది గంటలకు పక్క ప్లాటు చూడడానికి సూరారం నుంచి ఒక కుటుంబం వస్తోంది. ప్లాటు నచ్చకపోయినా కనీసం ఉప్మా నచ్చి ఆగిపోతారని ఆమె ఆశ.

శామీర్‌పేట దాటి రావల్‌కోల్ వైపు వేసిన ఆ వెంచరులో ఇల్లు కట్టుకున్నది వీళ్ళొక్కరే. చుట్టూ నడుమెత్తు గడ్డి, గడ్డిలో హద్దురాళ్ళు. భర్త భాస్కర్ మేడ్చల్‌లో కంపెనీకి వెళ్ళిపోతే చీకటి పడేదాకా పలకరించే దిక్కుండదు. అల్వాల్‌లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య పెరిగిన మనిషికి ఇది జైలే. "గీ యేడు పక్కకెవరన్న రాకపోతే నేను మా నాయిన దగ్గరికి పోత, ఇగ రాను" అని భర్తకు చెప్పేసింది. ఉత్తుత్తి బెదిరింపు కాదు, పెట్టె కూడా సర్దిపెట్టుకుంది.

కూతురు నయన హాస్టలుకు పోతూ రెండు కుందేళ్ళను వదిలి వెళ్ళింది. నల్లది మొండిఘటం. తెల్లది, మల్లె, ఒంటికి బెల్టు కట్టించుకుంటుంది. కుందేలును నడిపించడం కుక్కను నడిపించడం లాంటిది కాదు. తాడు లాగితే బిగుసుకుపోతుంది. అది ఎటు పోతే అటు వెనకాలే పోతూ, మనమే నడిపిస్తున్నట్టు ధీమాగా ఉండాలి. గడ్డిలో కనబడదు కాబట్టి పద్మలత దాని బెల్టుకు నయన చిన్నప్పటి వెండి పట్టీలు కుట్టింది. ఎక్కడున్నా ఘల్లుమని తెలుస్తుంది.

ఆ రోజు చెరువు మీంచి పొగమంచు లేచి ప్లాట్లన్నీ కమ్మేసింది. మల్లె రెండో హద్దురాయి దాటిందో లేదో, కారు ఆగిన చప్పుడు. వచ్చినవాళ్ళలో పెద్దావిడతో ప్లాట్లమ్మే బాలేష్ అంటున్న మాట వినబడింది.

"ఏడున్నరకు రాహుకాలం పడ్తది, పదింటికి రావాలంటె గండ్లనే బయలెల్లాలె పెద్దమ్మా. గందుకే జల్దీ తీసుకొచ్చిన."

సోమవారం రాహుకాలం సంగతి పద్మలతకు తట్టనే లేదు. ఒంటి మీద నైటీ, ముఖం నిండా పసుపు, విరబోసుకున్న జుట్టు. కాబోయే పొరుగువాళ్ళకు మొదటి దర్శనం ఇలా ఇవ్వడానికి ప్రాణం ఒప్పక గడ్డిలో చతికిలబడింది. ఆ కంగారులో తాడు చేజారింది. మల్లె పట్టీలు మోగించుకుంటూ మంచులోకి పోయింది.

"ఎవరి పిల్లనో ఉరుకుతాంది" అంది ఒక ఆడగొంతు.

"గీడ పిల్లలెక్కడియి నవ్యక్కా" అన్నాడు బాలేష్, కానీ అతని గొంతు సన్నబడింది.

పట్టీలు ఆగాయి. మళ్ళీ మోగాయి, ఈసారి ఇంకో పక్క. గడ్డి తనంతట తాను రెండుగా చీలుతోంది. పద్మలత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా పిలిచింది. "దా బిడ్డా. నా దగ్గరికి దా. గీడనే ఉందాం." మంచులో ఆ మాట ఎటునుంచి వస్తోందో ఆమెకే అర్థం కాలేదు.

"ఏందో నా కాలు మీదికెళ్ళి పోయింది" అంది అదే ఆడగొంతు, నవ్యశ్రీ. అది తాడు. ఆమె మొగుడు లక్ష్మణ్ అప్పటికే కారెక్కాడు.

ఇంజను శబ్దం వినగానే మల్లె చక్రాల కింద పడుతుందని పద్మలతకు తోచింది. సిగ్గు మరచి గడ్డిలోంచి నిలువునా లేచింది. అరుపులు, తలుపుల చప్పుడు. లక్ష్మణ్ తల్లి ఐలమ్మ ఒక్కతే కదలలేదు. ఆమె పద్మలతను చూడడం లేదు. పద్మలత పక్కన, నడుమెత్తున, ఎవరో నిలబడినట్టు అక్కడికే చూస్తోంది. కొడుకు రెక్క పట్టి లోపలికి లాగేసరికి కారు వెళ్ళిపోయింది.

పద్మలత మల్లెను దొరకబుచ్చుకుని, ముఖం కడుక్కుని, పట్టుచీర చుట్టుకుని, కుందేలును చంకనేసుకుని మెయిన్ రోడ్డు మీది చాయ్ హోటలుకు పరుగెత్తింది. వాళ్ళు అక్కడే ఉన్నారు, ముందున్న చాయ్ తాగే ఓపిక కూడా లేకుండా.

"గది దయ్యం గాదు, నేనే" అంది రొప్పుతూ. "కుందేలుకు తాడు కట్టి నడిపిస్తున్న."

నవ్యశ్రీ ఆమెను ఎగాదిగా చూసింది. "ప్లాటు పోతదని మాయమాటలతోని మమ్మల్ని బుదరకియ్యకు అక్కా. గా మొఖం వేరే. కుందేలు తాడు కట్టుకొని నడుస్తదా?"

"నడుస్తది, చూడు" అని పద్మలత మల్లెను నేల మీద పెట్టింది. మల్లె రాయిలా కూర్చుంది. బతిమాలింది, క్యారెట్టు చూపింది, చుట్టూ తిరిగింది. జనం పోగయ్యారు. మల్లె మూతి కూడా కదపలేదు. సాయంత్రానికల్లా పట్టీల పిల్ల సంగతి శామీర్‌పేట అంతా పాకింది. పద్మలత ఇంటికొచ్చి, సర్దిపెట్టిన పెట్టె పక్కన కూర్చుని ఏడ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఐలమ్మ ఆటోలో దిగింది. వెనకాల లక్ష్మణ్, ముఖం వేలాడేసుకుని.

"ప్లాటు తీసుకుంటున్నం. అవ్వ ఇంటలేదు" అన్నాడు.

ఐలమ్మ పద్మలత చెయ్యి పట్టుకుంది. "మా ఇంట్ల గంత మందున్నరు గని నాతోని ఎవ్వలు మాట్లాడరు. గా పిల్ల నన్ను బిడ్డా అని పిలిచింది. నన్ను బిడ్డా అన్నోళ్ళు పోయి ఎన్నేండ్లాయెనో."

నిజం పద్మలత నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగు రోజులూ ఊరందరికీ మొత్తుకున్న నిజమే. ఆ ముసలి కళ్ళలోని వెలుగు చూసి దాన్ని మింగేసింది. పొరుగు కోసమే మింగానని తర్వాత భర్తతో అంది గాని, అది సగమే.

పక్క ప్లాటులో రేకుల గది లేచింది. ఐలమ్మ కొడుకూ కోడలి కంటే ముందుగా వచ్చేసింది. రోజూ మంచు విడవకముందే పద్మలత ఐలమ్మకు పట్టీలు వినబడేలా గోడవార నక్కి మల్లెను నడిపించేది. తర్వాత ఇద్దరూ కలిసి చాయ్ తాగేవారు. పెట్టెలోని చీరలు మళ్ళీ బీరువాలోకి చేరాయి.

ఒక రోజు మల్లెకు కడుపు పట్టేసింది. పద్మలత రెండు కుందేళ్ళనూ పంజరంలోనే ఉంచి, అపరాధిలా వేడి రొట్టెలు పట్టుకుని వెళ్ళింది. ఐలమ్మ గడపలో వెలిగిపోతూ కూర్చుని ఉంది. పక్కన ఇంకో పీట వేసి ఉంది.

"ఇయ్యాల మస్తు సేపు కూసున్నది బిడ్డా. నీ పేరడిగింది, చెప్పిన."

మొత్తానికి పద్మలతకు పక్కింట్లో ఒకరికి ఇద్దరు దొరికారు.