కనుమ మీద పోయిన రోస్విత

ఆ శనివారం హైకో పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. భార్య బిర్టె పక్క ఊరి మందుల షాపులో డ్యూటీకి వెళ్ళగానే నేలమాళిగలోకి దిగాలి. సాయంత్రం స్టేషనుకి వెళ్ళి అత్తగారు రోస్వితను ఇంటికి తీసుకురావాలి. ఆవిడ చెల్లెలితో కలిసి హార్త్స్ కొండల్లో వారం రోజులు విశ్రాంతి తీసుకుని, మర్నాటి తన పుట్టినరోజుకి తిరిగి వస్తోంది.

"రెండే పనులు," అంది బిర్టె కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "అమ్మని తీసుకురావడం. అప్పటిదాకా ఇల్లు నేను వదిలినట్టే ఉంచడం. ఈసారి కూడా ఏదైనా గందరగోళం చేశావో, సోమవారం ఆ కంప్యూటర్ చెత్త యార్డుకి పోతుంది. కింది గది అమ్మ కుట్టుపనికి ఇచ్చేస్తాను."

"కింద కూర్చుని ఆడుకునేవాళ్ళం, పైన ఏం గందరగోళం చేస్తాం?"

"పోయినేడు ఫ్యూజు ఎగరగొట్టి ఫ్రీజర్లో బాతుని కరిగించారు. మాట గుర్తుంచుకో."

హైకో ఊరి నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తాడు. స్కూలు రోజుల్లో అతనూ, స్నేహితులు ఇంగో, కార్‌స్టెన్ కలిసి 'ఉత్తరాపథం' అనే కంప్యూటర్ ఆట మొదలుపెట్టారు. మూడు భాగాలు. ఆరుగురు వీరుల్ని వెంటేసుకుని మంచు దేశం దాటాలి. ఆట అంటే సరదాగా ఉండాలన్న సంగతి దాన్ని తయారుచేసినవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. నడిస్తే బూట్లు అరిగిపోతాయి. కంబళి లేకుండా పడుకుంటే జలుబు చేస్తుంది. జలుబు ముదిరి ఊపిరితిత్తుల జ్వరమవుతుంది, అది ముదిరితే ప్రాణమే పోతుంది. రాక్షసుల చేతిలో చచ్చిన వీరులకంటే తడి మేజోళ్ళతో చచ్చినవాళ్ళే ఎక్కువ. ఇది చాలదన్నట్టు ఈ ముగ్గురూ సొంతంగా ఇంకో నియమం పెట్టుకున్నారు. పోయినవాళ్ళు పోయినట్టే, ఆటను వెనక్కి తిప్పి బతికించుకోకూడదు. ఏడాదికి ఒక్క శనివారం చొప్పున ఆడుతూ, మళ్ళీ మొదలుపెడుతూ, యాభై ఏళ్ళు దగ్గరపడేసరికి మూడో భాగంలో చివరి కొండ కనుమకి చేరారు. ఆ కనుమ దాటడమే మిగిలింది.

ఈసారి కార్‌స్టెన్ రాలేదు. అతనికి ఊళ్ళో బేకరీ ఉంది, పొయ్యి దగ్గర పనివాడు మానేశాడు. కాబట్టి నేలమాళిగలో హైకో, డ్రైవింగ్ స్కూలు నడిపే ఇంగో, వాళ్ళ పాత బూడిదరంగు కంప్యూటరే మిగిలాయి.

"రోస్విత మళ్ళీ తుమ్మిందిరా," అన్నాడు ఇంగో.

"కంబళి కప్పు."

"ఏ కంబళి?"

"నన్నడుగుతావేంట్రా? సామాను నీ చేతిలోనే ఉందిగా."

"కింది పల్లెలో అమ్మేశా. బరువెక్కువైందని నువ్వే గొణిగావు కదా."

"పాటగాడి వాయిద్యం అమ్మమన్నానురా, తెలివిగలవాడా! ఆ మంచులో దాన్ని కప్పుకుంటుందా ఆవిడ?"

రోస్విత అంటే వాళ్ళ దళంలో ముందు నడిచే మరుగుజ్జు యోధురాలు. చేతిలో గొడ్డలి, ఎదురుపడ్డవాణ్ణి అక్కడే నిలబెట్టేసే చూపు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో హైకో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ ఇంకో రెండు తుమ్ములు తుమ్మి, జ్వరంతో పడిపోయి, కనుమ నడినెత్తిన చనిపోయింది.

తర్వాత హైకో పైకి వెళ్ళి, కార్‌స్టెన్ సలహా కోసం బేకరీకి ఫోన్ చేశాడు.

శనివారం పొద్దున ఆ బేకరీలో వరస వీధిలోకి వస్తుంది. ఆ ఊళ్ళో అందరూ బన్నులకోసమే నిలబడతారు కానీ, వెళ్ళేటప్పుడు బన్నులొక్కటే పట్టుకెళ్ళరు. కౌంటరు దగ్గర ఉన్న తాంజా పనిలో చేరి నెలయినా కాలేదు.

"తాంజా, నేను హైకోని. కార్‌స్టెన్‌కి చెప్పు, రోస్విత పోయింది. కనుమ మీద, మంచులో. ఊపిరితిత్తుల జ్వరం. ఇప్పుడు మేమేం చెయ్యాలో అడుగు."

తాంజా చేతిలో బన్ను జారిపోయింది. వెనక గది వైపు తిరిగి వణికే గొంతుతో అరిచింది. "అయ్యగారూ! రోస్విత గారు పోయారంట! కొండల్లో, మంచులో!"

పొయ్యిలో తల పెట్టినంత పని చేస్తున్న కార్‌స్టెన్ గొంతు గోడ దాటి స్పష్టంగా వచ్చింది. "అయ్యో! కంబళి లేదా?"

తాంజా ఫోనులో అడిగింది. "అమ్మేశారంట!"

"ఇంగోగాడేనా? వాడి బుద్ధే అంత. సరే, ముందు బూట్లు విప్పుకోమను, కొత్తవి. గొడ్డలి కూడా వదలొద్దు. శవాన్ని మొయ్యడం దండగ, అక్కడే మంచులో వదిలేసి చీకటి పడేలోపు కిందికి దిగిపొమ్మను!"

వరసలో ఒక్కరు కదిలితే ఒట్టు. తాంజా ఆ మాటల్ని ఫోనులో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అవతలినుంచి హైకో "మంచి సలహా, థాంక్స్ చెప్పు," అన్నాడు. కార్‌స్టెన్ ఆఖరి పళ్ళెం బయటికి తీసి, తెల్లవారుజామున లేచిన బేకరీవాళ్ళందరిలాగే ఇంటికెళ్ళి ఫోను కట్టేసి పడుకున్నాడు.

వరసలో ముందున్నది ఇర్మా. చర్చి గాయకబృందంలో ఇరవై ఏళ్ళుగా రోస్విత వెనక వరసలో నిలబడి పాడుతోంది. క్రిస్మస్ కచేరీలో సోలో పాట మాత్రం ఎప్పుడూ రోస్వితదే. ఇర్మా బన్నులు తీసుకోకుండానే ఇంటికెళ్ళి, కళ్ళు తుడుచుకుని, వెన్న కేకుకి పిండి కలిపింది. ఆ ఊళ్ళో ఎవరైనా పోతే వెన్న కేకే పట్టుకెళతారు. ఇంకేది పట్టుకెళ్ళినా మాట్లాడుకుంటారు.

కేకు ఇంకా వేడిగా ఉండగానే ఆవిడ హైకో ఇంటి బెల్లు కొట్టింది. నల్ల కోటు.

"ధైర్యంగా ఉండు బాబూ," అని అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

వేసవిలో వీధి విందులో హైకో ఈ ఆట గురించి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరూ వినలేదనుకున్నాడు. "చాలా థాంక్సండీ. ఇన్నేళ్ళూ మా అందరినీ ముందుండి నడిపించింది."

"ఎంత మంచి మాట అన్నావు! బాధపడిందా పాపం?"

"రెండు రోజులనుంచి తుమ్ముతూనే ఉంది. మేమే పట్టించుకోలేదు. ఆగితే ఆలస్యమవుతుందని."

ఇర్మా చెయ్యి వదిలేసింది. "మరి ఇప్పుడు... ఎక్కడ?"

"కనుమ మీదే వదిలేశామండీ. బూట్లు మాత్రం ఇంగోకి సరిపోయాయి."

కేకు గుమ్మంలోనే పెట్టి ఇర్మా గబగబా మెట్లు దిగిపోయింది. మధ్యాహ్నానికల్లా వంటింటి బల్ల మీద చోటు లేదు. అందరూ నల్ల కోట్లే, అన్నీ వెన్న కేకులే. మెల్లగా మాట్లాడతారు, ఇంగో కాళ్ళవైపు చూస్తారు, వెళ్ళిపోతారు.

"మీ అత్తగారి పుట్టినరోజంటే ఊరికి ఇంత ప్రేమేంట్రా?" అన్నాడు ఇంగో నాలుగో ముక్క నములుతూ. "కానీ అందరూ ఒకే రకం తెస్తే ఎలా?"

అప్పుడు గాయకబృందం తరఫున బండి చక్రమంత పూలదండ వచ్చింది. దానికి చుట్టిన నల్ల పట్టీ మీద బంగారు అక్షరాలు. హైకో పైకి చదివాడు. "ప్రియమైన రోస్వితకు, కన్నీటితో."

ఇంగో నమలడం ఆపాడు. "ఇది పుట్టినరోజుది కాదురా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హైకో కార్‌స్టెన్‌కి ఫోన్ చేశాడు, మోగలేదు. అత్తగారికి చేశాడు, బ్యాటరీ అరిగిపోతుందని ఆవిడ ఫోను ఎప్పుడూ కట్టేసే ఉంచుతుంది. ఈలోగా తలుపు తీసుకుని బిర్టె వచ్చింది. వీధి మొదట్లోనే ముగ్గురు ఆపి కౌగిలించుకున్నారట.

"అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది," అంది చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదికే హైకో ఒక అడుగు వెనక్కి వేశాడు. "పిన్ని గురక భరించలేక పొద్దుటి రైలెక్కేసి, స్టేషన్లో దిగి టాక్సీలో వస్తోందిట. మరి కొండ మీద మంచులో మీరు వదిలేసింది ఎవర్ని, హైకో?"

"మరుగుజ్జుని."

"ఏ మరుగుజ్జు?"

"రోస్వితని."

బిర్టె కళ్ళు మూసుకుని తెరిచింది. "సోమవారం," అంది. "పొద్దున్నే. నేనే కారులో పెట్టుకుని వెళ్ళి దాన్ని యార్డులో పడేస్తాను."

అదే సమయానికి తోటవైపునుంచి నేలమాళిగ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. బూట్లు తడిగా ఉంటే రోస్విత ముందు గుమ్మంలోంచి రాదు, ఎవరినీ రానివ్వదు. ముగ్గురూ కిందికి పరిగెత్తారు. ఆవిడ పెట్టె పక్కన పెట్టి, తెర మీద మెరుస్తున్న అక్షరాలు కళ్ళజోడు సర్దుకుని చదువుతోంది.

"'రోస్విత మరణించింది'," అంది. "టాక్సీవాడు కూడా నన్ను చూసి దండం పెట్టాడు. ఎవరైనా సంగతి చెబుతారా?"

హైకో చెప్పాడు. చివరికి, "మా దళంలో అందరికంటే బలమైన మనిషి, అత్తయ్యా. బిర్టెని సినిమాకి పిలవడానికి మొదటిసారి వచ్చినప్పుడు మీరు తలుపు తీసి చూశారే, ఆ చూపుకి ఆ పేరే సరిపోయింది," అన్నాడు.

ఆవిడ ఏదో అనబోయింది. పైన బెల్లు మోగింది. బిర్టె వెళ్ళి తలుపు తీసింది. ఇర్మా గొంతు మెట్ల మీదుగా కిందికి దిగింది.

"ఈ సమయంలో అడగకూడదమ్మా. కానీ పాటల పుస్తకాల బీరువా తాళంచెవి మీ అమ్మ దగ్గరే ఉండిపోయింది. సోలో నేనే పాడాలని అందరూ అంటున్నారు. రేపటినుంచే సాధన మొదలుపెట్టాలి కదా. అందరూ ఇటే వస్తున్నారు, ఆవిడకోసం ఒక పాట పాడదామని."

రోస్విత కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను బతికున్నట్టు ఎవరికీ చెప్పకండి," అంది మెల్లగా. "ఇంకాసేపు పోయే ఉంటాను. ఇంగో, పైకెళ్ళి బిర్టె చెవిలో కూడా వేసి రా. కేకులు పట్టుకురా అల్లుడూ. అన్నీ. ఎవరివి ఏవో చెప్పు."

ఒక్కొక్కటీ రుచి చూసింది. ఒకటి కొట్లో కొన్నదని పసిగట్టి పెదవి విరిచింది. ఇర్మా కేకు దగ్గర ఆగి మళ్ళీ కొరికింది. "మార్గరీన్! నా చావుకి వెన్న బదులు చవక మార్గరీన్ వేసింది!" తర్వాత తెర వైపు తిరిగింది. "ఈవిణ్ణి లేపలేరా?"

"కింది గుడి దగ్గర ఆటని దాచి ఉంచాం, అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కానీ చచ్చినవాళ్ళని లేపకూడదని నియమం, అత్తయ్యా."

"పెట్టిందెవరు?"

"మేమే."

"తీసెయ్యండి. ఏయ్ ఇంగో, ముందు ఆరు కంబళీలు కొను. నా బూట్లు నాకిచ్చెయ్."

పైన ముందు గదిలో గాయకబృందం పాట ఎత్తుకునేసరికి కింద దళం కనుమ దాటేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆరుగురూ ప్రాణాలతో. ఇంగో కళ్ళల్లో నీళ్ళు. రోస్విత లేచి, జుట్టు సవరించుకుని మెట్లెక్కింది. ఇర్మా కళ్ళు మూసుకుని సోలో చరణం పాడుతోంది.

"అక్కడ సగం స్వరం కిందికి పోతోంది," అంది రోస్విత గుమ్మంలోంచి. "నేనున్నా లేకపోయినా."

ఆ తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో ఊరు ఇప్పటికీ చెప్పుకుంటోంది. సోలో పాట చేతులు మారలేదు. సోమవారం కంప్యూటర్ కూడా కదల్లేదు; దాని జోలికెళితే ఊరుకోనని రోస్విత బిర్టెకి గట్టిగా చెప్పింది. మొదటి భాగం కూడా చూడాలట. ఏడాదికి ఒక్క శనివారం అనేది తెలివితక్కువ ఏర్పాటని, ప్రతి శనివారం తనే వస్తానని కూడా చెప్పింది.

ఇప్పుడు నేలమాళిగలోకి వెళ్ళాలంటే హైకో తలుపు తట్టి ఆగాలి.